పురిటి కాసు

మాస్టారి బల్ల మీద తగరపు డబ్బీ మూత తీయగానే ముందు పసుపు వాసన వచ్చింది, దాని వెనకే ఆముదం, ఆ రెండింటి అడుగునా ఎప్పటిదో సాంబ్రాణి. పాతికేళ్ళుగా ఆ డబ్బీలో పసుపు కొమ్ము వేసినవాళ్ళు లేరు. మామ్మ పోయాక నేను దాన్ని బీరువాలో చీరల కింద పెట్టి, ఏడాదికి ఒకటి రెండుసార్లు మూత తీసి, లోపలిది ఉందో లేదో చూసుకుని మళ్ళీ మూసేసేదాన్ని. అయినా కాసుకి చుట్టిన గుడ్డపీలికను పురిటింటి వాసన వదల్లేదు.

ఆ ఉదయం చోడవరంలో విశాఖపట్నం బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒళ్ళో ఉన్న సంచి మీంచి నా కుడిచెయ్యి తియ్యలేదు. కండక్టరుకి చిల్లర కూడా ఎడమచేత్తోనే ఇచ్చాను. పక్కసీటావిడ "ఏటమ్మా, ఒంట్లో బాగోనేదేటి" అని అడిగింది కూడా. నిజానికి ఈ ప్రయాణం నాకు ఇష్టం లేదు. మా తమ్ముడు సీను ఫోన్లో ఇలాంటి పాతబిళ్ళల బొమ్మలు చూసి, ఇవి లక్షలు పలుకుతాయని నమ్మేశాడు. వాడి మేడ మీద గది స్లాబు దగ్గర ఆగిపోయి రెండేళ్ళయింది. "అమ్మమనటం నేదప్పా. రేటు తెల్సుకుంటే తప్పేటి" అన్నాడు. చివరికి వాడి స్నేహితుడే ఈ మాస్టారి చిరునామా ఇచ్చాడు. రిటైరైన చరిత్ర లెక్చరరు, పాత నాణాలు చదవగలరు.

నా భయాలు వేరు. ఇది దొంగబిళ్ళ అంటారేమో, దాన్ని పట్టుకుని నొప్పులు ఓర్చుకున్న ఆడవాళ్ళంతా వెర్రివాళ్ళయిపోతారేమో అని ఒకటి. భూమిలో దొరికిన సొత్తును దాచుకున్నారంటారేమో అని ఇంకొకటి. మూడోది నా పదో ఏటి నుంచీ నాతోనే ఉంది. చిన్నప్పుడొకసారి, నా వల్లే, ఈ కాసు మూడు రోజులు కనిపించకుండా పోయింది. మళ్ళీ దొరికిందన్నారు. దొరికింది అదేనా, వేరొకటా అన్న అనుమానం మాత్రం నన్ను వదల్లేదు.

మాస్టారు కాసును చిన్న త్రాసులో తూచారు. అంచు చుట్టూ భూతద్దం తిప్పారు. ఏదో లావుపాటి పుస్తకం తెచ్చి పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. ఆ అరగంటా నేను కుర్చీ అంచున కూర్చున్నాను, పరాయివాళ్ళ గుమ్మాల్లో కూర్చోవడం అలవాటైన పదేళ్ళ పిల్లలాగా.

మా ఊరు దేవరాపల్లి దగ్గర. ఊరి చుట్టూ ఒకవైపు వరి, మూడు వైపులా చెరకు. మా మామ్మ అప్పలనర్సమ్మ సన్నగా, నల్లగా, నిటారుగా ఉండేది. పనంతా అయ్యాక వాకిట్లో గోడకి చేరబడి చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, కళ్ళు మూసుకుని ఊరందరి సంగతులూ వినేది. ఆమెకు పుట్టింటి నుంచి రెండే వచ్చాయి, ఒక రోకలి, ఈ కాసు. వాళ్ళమ్మ ఇచ్చింది, ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది, అంతకు ముందు మాట ఎవరికీ తెలియదు. మామ్మకి కూతుళ్ళు లేరు కనక నాకు వచ్చింది.

రూపాయి కంటే చిన్నది, దళసరి, పూర్తిగా గుండ్రం కూడా కాదు. వెండి. ఒకవైపు మగవాడి తల, చెంప మీద ఎవరో ఉలితో పెట్టిన గాటు. రెండోవైపు కుర్చీలాంటి దాని మీద కూర్చున్న ఆడమనిషి. "అమ్మోరు పురిటి పీట మీద కూసుంది" అనేది మామ్మ. అందుకే ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా మా ఇంటికి కబురొచ్చేది. నొప్పులు పడుతున్న మనిషి అరచేతిలో ఆడబొమ్మ పైకి వచ్చేలా కాసు పెట్టి గుప్పిట మూసేవారు. పురిటింట్లో ఉన్నంతసేపూ దాన్ని నేల మీద పెట్టకూడదు, మగవాళ్ళ చేతికి ఇవ్వకూడదు, బిడ్డకి మొదటి నీళ్ళు పోసేదాకా అడగకూడదు, పోశాక ఒక్క పూట కూడా ఆ ఇంట్లో ఉంచకూడదు.

ఈ నియమాలన్నీ కాపాడే ఉద్యోగం నాది. "కాసు ఎల్తే గుంట ఎల్లాలి. కాసు వస్తేనే గుంట రావాలి" అని మామ్మ మాట. ఏడో ఏట మొదలుపెట్టాను. వానల్లో తాటాకు గిడుగు నెత్తిన వేసుకుని, గట్ల మీద కాలివేళ్ళు బురదలో గుచ్చుకుంటూ, కాసున్న చెయ్యి గుండెకి అదుముకుని నడిచేదాన్ని. ఎండల్లో ముంజెలు కొట్టేవాళ్ళు పిలిచినా ఆగేదాన్ని కాదు. కొత్తమాస పండగనాడు అందరి పిల్లలూ వాకిళ్ళలో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే నేను ఎవరి గుమ్మంలోనో గొంతుక్కూచుని, లోపలి మూలుగులు వింటూ, అవి పెద్దవైతే భయపడుతూ, ఒక్కసారిగా ఆగిపోతే ఇంకా భయపడుతూ ఉండేదాన్ని. ఆ మూలుగులతో పాటు వావిలాకు మరుగుతున్న వాసన, ఆముదం వెచ్చబెట్టిన వాసన, తడిసిన నులకమంచం వాసన బయటికి వచ్చేవి. శొంఠీ పిప్పళ్ళూ బెల్లమూ నెయ్యీ వేసి దంచిన కాయం ముద్ద చివరికి నా చేతిలో పెట్టేవారు. ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. ఆ కారం తగిలితేనే పని అయిపోయిందని నాకు నమ్మకం కుదిరేది.

పురుడు పోసేది గైరమ్మ. ఊరి చివర ఇల్లు. పొడుగాటి మనిషి, పెద్ద చేతులు. పనిలోకి దిగే ముందు గాజులు తీసి గూట్లో పెట్టేది. ఎంత కష్టపు కాన్పయినా గొంతు పెంచేది కాదు. "వస్తన్నావా బాబూ, రా, తొందరేటి నేదు" అని కడుపులో బిడ్డతో మాట్లాడేది. అంతా అయ్యాక కాసును వేణ్ణీళ్ళతో కడిగి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటీ తనే మూసి, "సూసుకో వరమ్మా, అదేనా" అని నవ్వేది. నా పేరు వరలక్ష్మి. ఊళ్ళో అందరికీ నేను వరాన్ని, ఆమె ఒక్కతికే వరమ్మని.

పదో ఏట మాఘమాసంలో పైడితల్లి పిన్నికి నొప్పులొచ్చాయి. వరసకే పిన్ని, మా వీధి చివరింటి కోడలు. అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. అందుకని ఆ ఇంట్లో ఎవరి ముఖంలోనూ రక్తం లేదు. పొద్దున్నే కాసు గైరమ్మకి ఇచ్చాను. ఆమె పిన్ని గుప్పిట్లో పెట్టింది. నేను గుమ్మంలో కూర్చున్నాను. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఆ ఇంటి పెరటి వెనకే బెల్లం గానుగ. ఎడ్లు తిరుగుతున్న చప్పుడు, పెనంలో చెరకు పాలు ఉడుకుతున్న తియ్యటి ఆవిరి, పాకం ముదిరిందని కేకలు. పొద్దుట నుంచీ నా కడుపులో ఏమీ లేదు. పిల్లలంతా అక్కడ చేరి చెరకుముక్కలు పాకంలో ముంచుకుని నాకుతున్నారు. ఒక్కసారి వెళ్ళి వద్దామనుకున్నాను. వెళ్ళాను. ఎంతసేపున్నానో నాకు తెలియదు. రెండో ముక్క ముంచుకున్నట్టు మాత్రం గుర్తు.

తిరిగొచ్చేసరికి లోపల బిడ్డ ఏడుస్తున్నాడు, పిల్లికూనలాగా సన్నగా. గైరమ్మ బిడ్డ వీపు రుద్దుతోంది. పిన్ని కళ్ళు మూసుకుని పడుకుంది. బిడ్డకి నీళ్ళు పోసేశాక పిన్ని అత్తగారు ఆమె గుప్పిట విప్పింది. ఖాళీగా ఉంది.

పక్కబట్టలు దులిపారు. మాయ వేసిన కుండలో బూడిద వేళ్ళతో కెలికారు. నీళ్ళు పోయిన కాలువలో మట్టి తవ్వారు. ఆఖరికి అత్తగారు నా ముందుకొచ్చి నిలబడింది. "గుంటా, పొద్దుట్నుంచి నువ్వే కదే కాపలా. గుమ్మం దాటేవా ఏటి?"

"లేదు. ఇక్కడే ఉన్నాను" అన్నాను.

"మరి కాసు ఎవులు తీసేరు?"

మామ్మ ముఖం కళ్ళ ముందుకొచ్చింది. "గైరమ్మే తీసింది" అన్నాను.

గైరమ్మ నావైపు చూసింది. కోపంగా కాదు, దూరాన ఎవరో వస్తుంటే పోల్చుకోవడానికి చూస్తామే, అలా. తర్వాత లేచి, అందరి ముందూ చీర కుచ్చెళ్ళ దగ్గర ముడి విప్పి దులిపింది. కొంగు దులిపింది. జుట్టు ముడి విప్పి తల వంచి విదిలించింది. గూట్లోంచి గాజులు తీసుకుని, చేతికి వేసుకోకుండా పట్టుకుని, పురుడు పోసినందుకు ఇచ్చే బియ్యం చేట ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

మామ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వాకిట్లో కూర్చుని, చుట్ట వెలిగించి, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది. నాకు జ్వరం వచ్చింది. కళ్ళు మూస్తే విదిలించిన జుట్టు కనిపించేది. రెండో రోజు పై వీధిలో కాన్పయితే పక్క ఊరి మంత్రసానిని బండి మీద తెచ్చారు. ఆ సంగతి మా అమ్మ చెబుతుంటే దుప్పట్లోంచి విన్నాను. ఇప్పుడు లేచి నిజం చెప్పేస్తే అయిపోతుందని నాకు తెలుసు. చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున్న పైడితల్లి పిన్ని అత్తగారు కాసు కొంగున కట్టుకుని వచ్చింది. పిన్నే దాచిందట. పసివాడి కింద వేసిన గుడ్డల పొత్తి విప్పి, మధ్యలో పెట్టి కుట్టేసింది. "కాసు ఎల్లిపోతే నా బిడ్డ కూడా ఎల్లిపోతాడని దాచీసేను" అని, వాడు గట్టిగా పాలు తాగడం మొదలుపెట్టాక ఏడుస్తూ చెప్పిందట. ఇద్దర్ని పోగొట్టుకున్న మనిషిని ఎవరేమంటారు. మామ్మ కాసును అటూ ఇటూ తిప్పి చూసి డబ్బీలో వేసింది. నాకు మాత్రం గాటు కుడిచెంప మీద ఉండాల్సింది ఎడమచెంప మీద ఉన్నట్టనిపించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా ఏ చెంప మీద ఉండేదో కచ్చితంగా గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం మామ్మ నన్ను వెంటబెట్టుకుని గైరమ్మ వాకిట్లోకి వెళ్ళింది. మామ్మ అలా ఎవరి వాకిట్లోనూ చేతులు కట్టుకుని నిలబడగా నేను చూడలేదు. "తప్పయిపోనాది గైరీ" అంది. గైరమ్మ చాప వేసింది. "ఫర్వానేదమ్మా, దొరికింది కదా" అంది. నేను మామ్మ చీర వెనక ఉన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. ఆ చీర మడత పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత గైరమ్మ వేరే వీధుల్లో పురుళ్ళు పోసింది గాని కాసు ముట్టుకోలేదు. "గుంట సేతే ఎట్టించండి" అనేది. నేనే లోపలికి వెళ్ళి పెట్టి, నేనే తీసుకునేదాన్ని. నా వేళ్ళు మళ్ళీ ఎవరూ మూయలేదు.

మాస్టారు పుస్తకం మూసి కళ్ళజోడు తీశారు. "భయపడకండమ్మా, అసలుదే" అన్నారు. రోము దేశపు వెండినాణెం. రెండువేల ఏళ్ళ కిందటి ఒక చక్రవర్తిది. ఆ పేరు చెప్పారు, నాకు నోరు తిరగకపోతే కాగితం మీద రాసిచ్చారు. మిరియాలకీ బట్టలకీ ఓడల్లో వచ్చిన సొమ్ము. పోతపోసిన నకలైతే అంచు మీద అతుకు గీత కనబడేదట, ఇందులో లేదు. చెంప మీద గాటు లోపల కూడా వెండేనా అని ఏ వ్యాపారో పరీక్షించినది. వెనక కూర్చున్నది శాంతిదేవత అంటారు కొందరు. ఆ చక్రవర్తి తల్లి అంటారు మరికొందరు.

"ఇవి మనవైపు దొరికినవి చాలానే ఉన్నాయి. పైగా ఇది బాగా అరిగిపోయింది. ఎంతమంది చేతుల్లో నలిగిందో" అన్నారు. సీను అనుకున్న లక్షలు లేవు, ఒక మంచి ఫోను కొనుక్కునేంత. దేశం దాటించకూడదు, అమ్మినా పద్ధతి ప్రకారమే అమ్మాలి అని చెప్పి, "ఇంట్లో తరతరాలుగా ఉన్నదే అంటున్నారు కాబట్టి ఆ చరిత్రంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఉంచుకోండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎప్పుడైనా చెయ్యి జారిందా, అన్నీ. నాణేనికి అదే బలం" అన్నారు.

"జారిందండి. మూడు రోజులు" అన్నాను.

ఆయన నవ్వారు. "రెండు వేల ఏళ్ళలో మూడు రోజులా" అన్నారు. అదే కాసని తను చెప్పలేరు గాని, మా ఊరంత ఊళ్ళో ఇలాంటిదే రెండోది ఉండి, దానికీ చెంప మీద గాటు ఉండే వీలు చాలా తక్కువన్నారు. అంతేసి ఏళ్ళ భయం ఒక్క మాటతో పోవాలి. పోయింది కూడా. అది పోయాక అడుగున ఇంకోటి ఉందని తెలిసింది. ఇన్నాళ్ళూ నేను భయపడింది కాసు గురించి కాదు.

నేను ముప్పై ఏళ్ళుగా పోస్టాఫీసు కౌంటరులో కూర్చుంటున్నాను. పైన రాసినవన్నీ నిజమని కింద సంతకం పెట్టించడం నా రోజువారీ పని. ఆ రాత్రి భోజనాలయ్యాక కాగితం ముందేసుకుంటే సీను పక్కన కూర్చున్నాడు. "ఆ మూడు రోజులూ రాయకప్పా. కొనీవోడికి అనుమానం వస్తాది" అన్నాడు. మూడు రోజులు లేకుండా ఒకటి రాశాను. సంతకం దగ్గరికొచ్చేసరికి కలం కదల్లేదు. చింపేశాను.

గైరమ్మ బతికే ఉందనీ, కె.కోటపాడులో కూతురి దగ్గర ఉంటోందనీ విన్నాను. ఆదివారం ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. దారి పొడుగునా, పదేళ్ళప్పుడు చెప్పలేని మాటను ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలా అని నోట్లో కూడబలుక్కుంటూనే ఉన్నాను. రేకుల వసారాలో గైరమ్మ మంచం మీద కూర్చుని, ఒళ్ళో చేటలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కళ్ళకి దళసరి అద్దాలు. చేతులు ఇంకా పెద్దవే.

"ఎవులమ్మా?"

"అప్పలనర్సమ్మ మనవరాల్ని. వరాన్ని."

"కాసు గుంటవా" అంది.

నేను కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, ఒక వరస లేకుండా చెప్పేశాను. గానుగ దగ్గరికి వెళ్ళానని, అబద్ధం చెప్పానని, ఆమె కాసు తియ్యడం నేను చూడలేదని. ఆమె ఒలవడం ఆపలేదు.

"నువ్వు గుమ్మంలో నేవని నాకు అప్పుడే తెల్సమ్మా" అంది. "ఏణ్ణీళ్ళు తెమ్మని రెండుసార్లు కేకేసేను. పలకనేదు."

"మరి చెప్పలేదేం?"

"పదేళ్ళ గుంటవి. సెప్తే మీ మామ్మ నిన్ను తోలు తీసీసును." ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "సెప్పినా, నీ మాటా నా మాటా ఎదురెదురు ఎడితే అక్కడ ఎవులి మాట నిలుస్తాదో అదీ తెల్సు. మీ మామ్మ వచ్చి తప్పయిందంది గాని, ఊరు అననేదు. రెండేళ్ళు మీ వీధిలో నన్ను ఎవులూ పిలవనేదు."

గొంతు పెంచలేదు. ఆ గొంతు అప్పుడూ పెరిగేది కాదు.

"నా మీద కోపం లేదా" అని అడిగాను.

"ఉండీది" అంది. "తర్వాత మరిచిపోనాను. నువ్వొచ్చి గేపకం సేసినావు."

సంచిలోంచి డబ్బీ తీసి, మూత తెరిచి, కాసు ఆమె ముందు పెట్టాను. అద్దాల్లోంచి వంగి చూసింది. చెయ్యి చాచలేదు. "వద్దమ్మా, నీ సేతే ఉంచు" అంది. కూతురిని పిలిచి నాకు టీ ఇమ్మంది. నేను తాగుతుంటే, "పైడితల్లి కొడుకు, ఆ గుంటడు ఎలాగున్నాడు" అని అడిగింది. చెరకు లారీ నడుపుతున్నాడని, ముగ్గురు పిల్లలని చెప్పాను. "బతికేడు" అని తలూపింది. ఆ ఒక్కసారే చేతులు ఆగాయి.

ఇంటికొచ్చి కాగితం మళ్ళీ రాశాను, ఈసారి అంతా. సీను చదివాడు. "ఇంకెవుడు కొంటాడప్పా" అన్నాడు, కోపం లేకుండానే. స్లాబు వచ్చే ఏడాదన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా 108 వస్తుంది. చోడవరం ఆస్పత్రికో అనకాపల్లికో తీసుకెళతారు. తల్లులూ బిడ్డలూ క్షేమంగా తిరిగొస్తున్నారు, దానికి విచారించే పనేముంది. పెరటి వెనక గానుగలు పోయాయి, చెరకంతా లారీల్లో ఫ్యాక్టరీకి పోతోంది. కాయం ఆయుర్వేదం షాపులో సీసాల్లో దొరుకుతోంది, ఘాటు లేదు. గడపలో కూర్చుని లోపలి చప్పుళ్ళు వింటూ బిక్కుబిక్కుమనే పిల్లలు ఏ ఇంటి ముందూ లేరు. మా వీధిలో నా ఈడువాళ్ళందరినీ మొదట పట్టుకున్న చేతులు గైరమ్మవి. పుట్టినరోజు కాగితాల్లో, బడి రిజిస్టర్లలో, ఎక్కడా ఆమె పేరు లేదు. నేను సంతకం పెట్టిన ఆ ఒక్క పేజీలోనే ఉంది. అదీ నా అబద్ధం పక్కన.